ముట్టని కాఫీ, కోసిన గాజులు

బంగారమే ఇంటి లక్ష్మి అనేవాళ్ళను ఒక్కటి అడగాలి: అమ్మేటప్పుడు ఆ లక్ష్మి ఎవరి పక్కన నిలబడుతుంది? తమిళనాట రాజపాళయంలో రంగనాయకికి జవాబు తెలుసు.

ఆమె మిల్లు ఇంటి కోడలు. భర్త, శివసుబ్రహ్మణ్య అనే నూలుమిల్లులో ఉన్న వాటా పోగొట్టుకుని, తర్వాత తానూ పోయాక, ఇడ్లీ పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టింది. కొనేది ఎక్కువగా చుట్టాల ఇళ్ళే. మొదటిసారి జాలితో కొన్నారు. పిండి బాగుంది గనక మళ్ళీ కొన్నారు. టిఫిన్ అంగళ్ళకు కూడా వేస్తేనే ఇల్లు గడుస్తుంది. దానికి పెద్ద గ్రైండరు కావాలి. పుట్టింటివాళ్ళు పెట్టిన మెడనగ, రాళ్ళ అడ్డిగ అమ్మేద్దామనుకుంది.

మిల్లు ఇళ్ళ ఆడవాళ్ళు నగ పట్టుకుని బజారులో నిలబడరు. నగ చుట్టాల్లోనే చేతులు మారాలి. కొనేవాడు ముందు కాఫీ ఇస్తాడు. తాగినాక బేరం ఆడకూడదు, త్రాసు తెమ్మనకూడదు. అడిగితే ఇంటివాణ్ణి దొంగ అన్నట్టు. ఈ మర్యాదను ఎవరో కొనేవాడే కనిపెట్టి ఉంటాడు.

భర్త చిన్నాయన కొడుకు తిరుమలసామి ఇంట్లో ఆమె కాఫీ తాగింది. రాళ్ళకు విలువ లేదు, కరిగిస్తే తరుగు పోతుంది అని చెప్పి అతను కొంత డబ్బు చేతిలో పెట్టాడు. దానితో చిన్న గ్రైండరే వచ్చింది.

మరుసటి ఏడు ఒక పెళ్ళిలో ఆ అడ్డిగ కనబడింది. తిరుమలసామి కోడలు నివేదిత మెడలో, ఒక్క రాయి కదలకుండా. ఇట్లాంటి పాత పని ఇప్పుడు దొరకదని అందరూ మెచ్చుకున్నారు. రంగనాయకీ మెచ్చుకుంది. పంక్తిలో పక్కనే కూర్చున్నాక ఏం చేస్తుంది?

ఇక మిగిలినవి అత్తగారి గాజులు, లోపల లక్క పోసినవి. ఈసారి ఆమె ముందు బజారుకే వెళ్ళింది. సేత్తూరు, చోళపురం రైతులతో పాటు వరసలో నిలబడింది. లక్క ఎంతుందో పైనుంచి చెప్పలేమనీ, ఎదురుగానే కోసి తీసేసి, మిగిలిన బంగారానికి ఆనాటి ధర కడతామనీ అంగడివాళ్ళు చెప్పారు. అక్కడే ఇచ్చేసి ఉంటే సరిపోయేది. చుట్టాన్ని ఒక మాట అడగకపోతే ఎట్లా అని గాజులు తీసుకుని తిరుమలసామి ఇంటికి పోయింది. అలవాటైన మర్యాద ఒక్కరోజులో వదలదు.

కాఫీ వచ్చింది. ఆమె ముట్టలేదు.

తిరుమలసామి గాజుల్ని అరచేతిలో ఆడించి, సగానికి సగం లక్కే అన్నాడు.

"అయితే కోసి చూద్దాం తంబీ. బజారులో నా ఎదురుగానే కోస్తామని చెప్పినారు."

"బజారుకు పోయినారా వదినే? మా పెద్దమ్మ చేతి గాజులు. కోసేదానికి మీకు మనసెట్లా వచ్చె?"

"అమ్మేదానికి వచ్చిన మనసే."

"కాఫీ ఆరిపోతా ఉండాది, తాగండి. నేనేమన్నా పరాయివాణ్ణా?"

"తాగితే నువ్వు చెప్పిందే వెల. పోయిన తడవ తాగినాను గదా. నివేదిత మెడలో బాగుండాది."

అతను గాజుల్ని బల్ల మీద పెట్టి, ఇంట్లోవాళ్ళను పిలిచి కాఫీ టంబ్లరు తీసుకుపొమ్మన్నాడు.

ఆమె నేరుగా బజారుకు వెళ్ళి కోయించింది. లక్క పావు వంతు కూడా లేదు. పెద్ద గ్రైండరు కొనగా ఇంకా మిగిలింది.

వారం తిరగకుండా చుట్టాల ఇళ్ళు పిండి మానేశాయి. అత్తగారి గాజుల్ని బజారులో ముక్కలు చేయించిందన్న మాట అన్ని ఇళ్ళకూ చేరింది. తిరుమలసామి వాటిలో లక్క ఎంతన్నాడో ఎవరూ అడగలేదు. లక్ష్మిని కోసిన చేత్తో రుబ్బిన పిండి మాకొద్దు అని ఒక పెద్దావిడ గుడి వాకిట్లో అన్నదట. ఆవిడ ఇంట్లో ఇప్పుడు పాకెట్ పిండి. అది ఏ చేయి రుబ్బిందో ఆవిడకు అక్కర్లేదు.

టిఫిన్ అంగళ్ళలో ఒక్కటే కుదిరింది, తళవాయిపురం బస్సు ఆగేచోట కన్నన్‌ది. అతనూ అరువుకే తీసుకుంటాడు.

పెద్ద గ్రైండరులో పిండి తక్కువైతే రాళ్ళు ఒకదానికొకటి రాసుకుని గరగరమంటాయి. పొద్దున ఆ చప్పుడు వీధి చివర తిరుమలసామి ఇంటిదాకా వినిపిస్తుంది. తలుపు మూసుకొమ్మని ఒకసారి మనిషిచేత చెప్పించాడు.

ఆమె మూయదు.