కాగితం ఒక దారిన, తాళం ఒక దారిన

నా భార్య ఈ వేసవిలో చనిపోయింది. మెదడులో నరం చిట్లింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. పదకొండో రోజు ఉదయం నేను కారిడార్‌లో కాఫీ మిషను ముందు నిలబడి ఉంటే నర్సు వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

ఫోన్ చేసినవాళ్ళందరికీ ప్రశాంతంగా పోయిందని చెప్పాను. ఆ పదకొండు రోజులూ ఆమె కోరుకున్నవో కాదో అప్పటికి నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. అందుకే రాస్తున్నాను.

ఆమె జర్మనీలో, డెగ్గెన్‌డార్ఫ్ దగ్గర ఒక నోటరీ ఆఫీసులో పనిచేసేది. ఇక్కడ నోటరీ అంటే కోర్టు గేటు దగ్గర స్టాంపు వేసే మనిషి కాదు. ఇల్లు అమ్మినా, పొలం పిల్లలకి రాసినా ఆయన దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపించాలి, ఆయన ఎదుటే సంతకం పెట్టాలి. మంచం పట్టినవాళ్ళ దగ్గరికి ఆయనే వెళ్తాడు. మా నోటరీ గారు పెద్దాయన. ఆయన కారు నడిపేవారు, ఈమె సంచీ మోసేది. సంచీలో లాప్‌టాప్, చిన్న స్కానర్, ప్రింటర్, నెట్ కోసం ఆఫీసు ఫోను.

అడవి వైపు ఊళ్ళలో సిగ్నల్ ఉండదు. ఏ ఊళ్ళో ఎక్కడ నిలబడితే అందుతుందో ఆమె ఒక నోటుబుక్కులో రాసుకుంది. పాలకేంద్రం వెనక రెండు గీతలు. చర్చి గోడ పక్కన మూడు. ఒక రైతు ఆమెతో అన్నాడట: "మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే శ్మశానానికి పోవాలమ్మా. చచ్చినవాళ్ళకి నాలుగు గీతలు, బతికున్నవాళ్ళకి సున్నా." ఇంటికొచ్చి అది చెప్పి చాలాసేపు నవ్వింది.

ఎవరింట్లో కూర్చున్నా వాళ్ళ నెట్ వాడేది కాదు. "వాళ్ళ కాఫీ తాగుతాను, వాళ్ళ వైఫై మాత్రం ముట్టను" అనేది. స్కాన్ చేసిన కాగితం ఆఫీసుకి చేరిందని తేలాక స్కానర్‌లోంచి చెరిపేసి, ఖాళీ తెర ఆ ఇంటివాళ్ళకి చూపించాకే లేచేది. ఒక ముసలావిడ అడిగిందట, "నా కొడుక్కి నేనేం రాశానో నీకూ గుర్తుండదా మరి?" అని.

"కారెక్కేసరికి మర్చిపోతానమ్మా. మా ఆయన పుట్టినరోజే మర్చిపోయాను, మీ పొలం నాకెందుకు గుర్తుంటుంది?"

అది నిజమే, ఆ ఏడు మర్చిపోయింది.

ఆమెకి ఒక నియమం ఉండేది. కాగితం ఒక దారిన వెళ్ళాలి, తాళం ఇంకో దారిన వెళ్ళాలి. ఫైలు మెయిల్లో పంపితే పాస్‌వర్డ్ నోటితో చెప్పాలి. ఎక్కడా రాయకూడదు. మొగుడికైనా సరే.

పోయిన శరత్కాలంలో ఒక శనివారం. కారుకి చలికాలం టైర్లు మార్పించడానికి గ్యారేజీలో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, కోసం ఫోన్లో వెతుకుతూ వంటింట్లో కూర్చున్నాను.

"ఏవండీ, ఒక మెయిల్ పంపాను. నాకేమన్నా అయితే డాక్టర్లు అడిగే కాగితం. తాళం ఇప్పుడు చెప్తాను, వినండి."

చెప్పింది.

"ఊఁ."

"విన్నారా?"

"విన్నాను."

"అయితే తిరిగి చెప్పండి చూద్దాం."

"సాయంత్రం చెప్తాలే. టెర్మిన్ దొరికేట్టుంది."

"టైర్లకున్న అదృష్టం పెళ్ళానికి లేదు" అని నవ్వి, బట్టలు ఆరెయ్యడానికి కిందికి వెళ్ళింది. సాయంత్రం నేను చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఆసుపత్రిలో మొదటి రోజే డాక్టరు అడిగాడు, ఆమె ముందుగా రాసిపెట్టిన కాగితం ఏదైనా ఉందా అని. ఉంది అన్నాను. ఫోన్లో మెయిల్ వెతికి తీశాను. ఫైలు తాళం అడిగింది. పెళ్ళిరోజు కొట్టాను. పాప పుట్టినరోజు కొట్టాను. తెనాలిలో ఆమె పుట్టింటి నంబరు కొట్టాను. గార్చింగ్‌లో చదువుతున్న మా అమ్మాయి అప్పుడే రైలు దిగి వచ్చింది. "నో, డాడీ. మమ్మీ పుట్టినరోజులు పెట్టదు. అది ఫస్ట్ రూల్" అంది.

డాక్టరు ఓపిగ్గా నిలబడ్డాడు. చివరికి నేనే అన్నాను: "చెయ్యగలిగినవన్నీ చెయ్యండి."

మూడో రోజు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి ఇక ఆశ లేదన్నాడు. చెయ్యండి అనే అన్నాను. కాగితంలో ఏముందో తెలియకుండా ఆపించే ధైర్యం నాకు లేదు. రోజూ మంచం పక్కన కూర్చుని మాటలు ప్రయత్నించాను. పూల పేర్లు, బైబిల్ వాక్యంలోని పేర్లు, ఆమె తిట్లు. ఒకసారి వంగి ఆమె చెవిలోనే అడిగాను. వెంటిలేటర్ ఊపిరి తీసింది, వదిలింది. ఆ శనివారం ఆమె పెదవులు కదిలినట్టు గుర్తుంది. మాట వినిపించదు. ఇప్పటికీ వంటింట్లోకి వెళ్తే ఆ పెదవులు కదులుతాయి.

సమాధి కార్యక్రమం అయిన వారానికి నోటరీ గారు మా ఇంటికొచ్చారు. బూట్లు విప్పి, గుమ్మం దగ్గరే నిలబడి ఒక కవరు చేతికిచ్చారు.

"సంచీ పక్క జేబులో ఉంది. అతికించి ఉంది, మీద ఆమె పేరుంది. అలాంటివి మేం తెరవం. ఆఫీసులో అందరికీ ఆమే నేర్పింది." కవరు వైపు చూసి అన్నారు: "ఇది ఆ కాగితమే అయ్యుంటుంది. ఇలాంటివాటికి ఉన్న కేంద్ర రిజిస్టరులో ఎక్కించి ఉంటే ఆసుపత్రివాళ్ళకి దొరికేది. నేను ఎన్నోసార్లు చెప్పాను. 'మా ఆయనది కూడా సంతకం అయ్యాక రెండూ కలిపి ఎక్కిస్తానండి' అనేది."

కవర్లో రెండు కాగితాలున్నాయి. మొదటిది ఆమెది, సంతకంతో సహా. స్పృహ తిరిగొస్తుందన్న ఆశ లేకపోతే నన్ను యంత్రం మీద ఉంచొద్దు అని ఉంది. అందులో సందేహానికి తావు లేదు. అంటే మొదటి మూడు రోజులు ఆమెవి. మిగతా ఎనిమిదీ నావి.

రెండోది నాది. అన్నీ నింపి, సంతకం ఒక్కటీ నాకోసం వదిలింది. నేను మాట్లాడలేని రోజున నా తరఫున మాట్లాడే మనిషి ఎవరు అన్న చోట నీలం సిరాతో తన పేరు రాసుకుంది. గుండ్రటి అక్షరాలు, తొందర లేకుండా.

"నా పేరుతో కొత్తది రాయి డాడీ" అంది అమ్మాయి. రాశాను. అది రిజిస్టరులోకి కూడా వెళ్ళింది.

నిన్న ఉదయం పాతదాని మీదా సంతకం పెట్టాను. చెల్లదని తెలుసు. సిరా ఆరకముందే మడిచినట్టున్నాను. విప్పి చూస్తే నా సంతకం తిరగబడి ఆమె పేరు మీద అచ్చుపడి ఉంది.