ఎర్ర నెత్తళ్లు

అవుటర్ హార్బర్‌లో ఇనుప ఖనిజం నింపుకునే విదేశీ ఓడని చూడకపోతే జన్మే దండగని మా స్కూల్లో తోటి మేస్టార్లు ఊదరగొట్టారు. సరేనని ఓ ఆదివారం పొద్దున్న ఆరున్నరకి భీమునిపట్నంలో బస్సెక్కాను. టిక్కెట్టు రూపాయిన్నర. ఎనిమిదింటికి విశాఖలో దిగి, రెండిడ్లీలు తిని, రేవు వైపు ఇసకలోకి నడిచాను.

ఓడ కొండంత ఉంది. దాని పొట్టలోకి ఎర్రమట్టి ధారగా పడుతోంది. మన ఉక్కు కర్మాగారానికి ఇంకా శంకుస్థాపన రాయే దిక్కు, ఇనుము మాత్రం సముద్రం దాటిపోతోంది! గాలికి లేచిన దుమ్ముతో నా తెల్ల చొక్కా పది నిమిషాల్లో రంగు మారింది.

అక్కడే పోలమ్మ అనే ముసలావిడ నెత్తళ్లు ఆరబోస్తోంది. చేపలు ఎర్రగా కనిపిస్తే, "కారం అద్దేవా అమ్మా?" అని అడిగాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

"కారం కాదు బాబూ, ఓడ దుమ్ము. కడిగితే మెత్తబడిపోతాది, కడక్కపోతే ఎవులూ కొనరు. నానేటి సెయ్యను?"

ఇంతలో కంచె వేయిస్తున్న గోదావరి జిల్లా కాపలాదారు వచ్చాడు. దుమ్ము ఆపడానికి సరుగుడు మొక్కలు నాటుతారట. అదీ పోలమ్మ చేపలారబెట్టే ఇసకలోనే.

"ఈవిడ మంచికేనండి. పర్యావరణం ఆర్డరండి. పదకొండు గంటల్లోగా ఖాళీ చెయ్యాలండి."

"ఓడనాపితే దుమ్మాగదా?"

"భలేవారండి! డాలర్లు మీరిస్తారా అండి?"

ఒళ్లు మండిపోయింది. పోలమ్మతో పాటు నేనూ ఇంకా ఆరని పచ్చి నెత్తళ్లు గంపకెత్తాను. భీమునిపట్నంలో ఆవిడ చెల్లెలి గుడిసె ముందు ఇసక ఉందట. ఎండ ఉండగా చేరితే సరే, లేకపోతే గంపంతా కుళ్లిపోతుంది. పన్నెండున్నర బస్సుకి ఇద్దరం కలిసే వచ్చాం.

ఆవిడ గంపతో మెట్టెక్కగానే బస్సంతా ముక్కులు మూసుకుంది.

"పచ్చి సేపలేటే బస్సులోన! దిగు, దిగు!" అన్నాడు కండక్టరు.

"ఈ బాబుతో వచ్చినాను నాయనా, అడుగు" అంది పోలమ్మ, నన్ను చూపిస్తూ.

కండక్టరు నా వైపు తిరిగాడు. ముందు సీట్లో నా శిష్యుడి తండ్రి కూడా తిరిగాడు.

"మీతో వచ్చిందా మేస్టారూ?"

"లేదండీ" అన్నాను.

ఆవిడ గంపతో దిగిపోయింది. బస్సు కదిలింది. దారి పొడుగునా ఓడవాళ్లనీ, ఆర్డర్లిచ్చినవాళ్లనీ కడుపారా తిట్టుకున్నాను. ఆవిణ్ణి బస్సు దింపింది మాత్రం నేనే.