రెండు వారాల కుక్కలు

లౌటోకాలో నా దుకాణం ముందు కుక్కల స్నానం, కుక్కల బస అని ఇంగ్లీషులో బోర్డు రాయించాను. దాని కింద చిన్న అక్షరాల్లో నా డిగ్రీ. పెయింటర్ ఆ అక్షరాలు దిద్దుతూ, "దీదీ, ఇది డాక్టరా?" అని అడిగాడు. "కాదు, పశుశాస్త్రం," అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఆ మాటకొస్తే ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. డాక్టరైతే సూది వేస్తుంది, కాకపోతే కుక్కల్ని కడుగుతుంది, మధ్యలో ఇంకేముంటుంది? జనం లెక్క అంతే. అది తప్పని వాదించే ఓపిక నాకు మొదటి ఏడాదే అయిపోయింది.

మాది అవతలి దీవిలో, లంబాసా పక్కన బులిలేకా. చుట్టూ చెరకు, మధ్యలో రేకుల ఇల్లు. ఫిజీకి స్వతంత్రం వచ్చిన ఏడాదే నేను పుట్టాను. మా నాన్నమ్మ పోయేదాకా ఇంట్లో తెలుగు వినిపించేది. తర్వాత నాన్న నోట్లో అది సగం హిందీ అయిపోయింది. నాకు మిగిలిన తెలుగు నాన్నమ్మ చలవ, వారానికోసారి గుడి పక్కన నేర్పిన పాఠాల చలవ.

నాన్నకు ఒక జత ఎడ్లుండేవి. నేను చిన్నప్పుడు అందులో ఒకటి కడుపు ఉబ్బి, నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. నాన్న దాని మెడ కింద చెయ్యి పెట్టుకుని పొద్దంతా కూర్చున్నాడు. ఎందుకు చచ్చిపోయిందో చెప్పేవాళ్ళు చుట్టుపక్కల ఒక్కరూ లేరు. నేను చెప్పగలిగే దాన్ని అవుతానని అప్పుడే అనుకున్నాను. అయ్యాను కూడా. తీరా డిగ్రీ చేతికొచ్చేసరికి మావాళ్ళకు, అంటే చెరకు పనికి ఇండియా నుంచి తెచ్చినవాళ్ళ సంతతికి, సర్కారు కొలువులు దొరకని కాలం వచ్చింది. కోళ్ళ మేత కంపెనీలో బస్తాలు చూసుకుంటూ కొన్నేళ్ళు గడిపి, విసుగెత్తి ఈ దుకాణం పెట్టాను.

"కుక్కకి హోటలా?" అని నాన్న ఫోన్లో పగలబడి నవ్వాడు. "ఇక్కడ మనుషులకే రూమ్ లేదు బేటీ!"

ఆయన నవ్వడంలో తప్పేం లేదు. మా ఇంట్లో కుక్క గడప దాటి లోపలికొచ్చింది లేదు. దానికి పేరు కూడా లేదు. మిగిలిన అన్నం, రోటీ ముక్కలు సత్తుపళ్ళెంలో వేస్తే తినేది, రాత్రంతా చెరకులోకి చూసి మొరిగేది. నాన్న పొలానికి వెళ్తే వెంట వెళ్ళేది, వస్తే వెంట వచ్చేది. అంతకు మించి దాన్ని ఎవరూ ముద్దు చేసిన పాపాన పోలేదు. అలాంటి ఇంట్లో పుట్టి నేను కుక్కలకు షాంపూ పెడుతున్నానంటే నవ్వరా మరి!

మొదట్లో వచ్చినవాళ్ళు పక్క ఊరు నాడీలోని హోటళ్ళ మేనేజర్లు, బ్యాంకుల్లో పనిచేసే తెల్లవాళ్ళు. మావాడు ప్రధాని అయ్యాడని రాజధాని సువాలో కొందరు పార్లమెంటును తుపాకులతో పట్టుకున్న తర్వాత వాళ్ళు ఒక్కొక్కరే మాయమయ్యారు. ఇక దుకాణం మూతే అనుకున్నాను. కానీ విచిత్రంగా మావాళ్ళు రావడం మొదలెట్టారు. టీచర్లు, క్లర్కులు, చెరకు మిల్లు ఇంజనీర్లు. స్నానానికి కాదు, బసకి. అందరిదీ ఒకటే మాట.

"చెల్లీ, రెండే వీక్. సిడ్నీలో షాదీ ఉంది. ఘూమ్‌కే వచ్చేస్తాం."

ఆ మాట అన్నది ఒక హైస్కూల్ టీచర్. పండగల్లో పాటలు పాడేది, మనిషి మంచిది. ఆమె చేతిలో తెల్లటి బొచ్చుకుక్క. నా దగ్గర ఒక పద్ధతి ఉండేది. కుక్కను వదిలేవాళ్ళు తాము వేసుకుని విడిచిన బట్ట ఒకటి, ఉతక్కుండా ఇవ్వాలి. ఆ వాసన మీద పడుకుంటే కుక్క కొత్తచోట బెంగ పెట్టుకోదు. నేను చదువుకున్న దాంట్లో జనానికి నచ్చింది ఇదొక్కటే. టీచర్ తన స్కూలు చీర ఇచ్చింది. నీలం అంచు, చినుగు లేదు, మరక లేదు. "ఇంత మంచి చీరా అక్కా?" అన్నాను. "పర్వాలేదులే," అంది. ఎంత పెద్ద మనసు అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గూళ్ళన్నీ నిండిపోయాయి. వెనక జామచెట్టు దాకా రేకులేయించి, జాలీ కొట్టించి, కొత్త గూళ్ళు కట్టించాను. నా కళ్ళు నెత్తికెక్కాయి. నాన్నకు ఫోన్ చేసి, "చూశావా, హోటల్ నిండింది!" అని గొప్పలు పోయాను.

రెండు వారాలు నెలైంది. టీచర్ రాలేదు. ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తేవాళ్ళు లేరు. ఒక ఆదివారం కుక్కను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కిటికీలకు తెరల్లేవు. లోపల ఎవరో గోడలకు సున్నం కొడుతున్నారు. పక్కింటావిడ బట్టలారేస్తూ నన్ను ఎగాదిగా చూసింది.

"వాళ్ళా? పర్మినెంట్ పోయారు కదా. నీకు మాలూమ్ లేదా?"

కుక్క గేటు సందులోంచి మూతి పెట్టి, తోకాడిస్తూ, తన ఇల్లే కదా అన్నట్టు లోపలికి చూస్తోంది. దారి పొడవునా దాన్ని లాక్కుంటూ ఆ టీచర్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పండగల్లో పాటలా, ఛీ!

దుకాణానికొచ్చి మిగతా గూళ్ళ వైపు చూశాను. అప్పుడు వెలిగింది. మావాళ్ళలో ఒక అలవాటుంది. దేశం విడిచిపోయేవాళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పరు. వీసా ముద్ర పడ్డా చెప్పరు, విమానం ఎక్కేదాకా చెప్పరు. చెబితే నజర్ లగ్ జాయీ, దిష్టి తగులుతుంది, పని ఆగిపోతుంది. అందుకే అందరూ పెళ్ళికే పోతారు, అందరూ రెండు వారాలకే పోతారు. వంటింట్లో గిన్నెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉంటాయి. ఈ అలవాటులోనే పుట్టి పెరిగిన నేను, నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళ మాటా నమ్మి గూళ్ళు కట్టించాను. తల కొట్టుకున్నాను, ఇంకేం చేస్తాను!

బట్టలన్నీ బయటికి తీసి చూశాను. తిరిగొచ్చే మనిషి చిరిగిన బనీను ఇస్తాడు. పోయేవాడు ఇక తనకు అక్కర్లేనిది ఇస్తాడు. స్కూలు చీర, మిల్లు యూనిఫాం, హోటల్ రిసెప్షన్లో వేసుకునే పూలచొక్కా. అవన్నీ నా చేతులతోనే తీసుకుని, మడతపెట్టి, కుక్కల కింద పరిచాను.

ఆ కుక్కల్ని ఎవరికైనా ఇద్దామని తిరగని చోటు లేదు. ఫిజియన్ పల్లెలవాళ్ళకు పందుల వేటకు పనికొచ్చే కుక్క కావాలి. బొచ్చుకుక్కను చూసి పడీ పడీ నవ్వారు. పొలాల్లో కాపలాకు ఇద్దామంటే, మావాళ్ళు ఫిజియన్ల దగ్గర తీసుకున్న లీజులు అయిపోయి పొలాలే ఖాళీ అవుతున్నాయి. ఆ ఖాళీ ఇళ్ళ చుట్టూ అప్పటికే బోలెడు కుక్కలు ఎముకలు తేలి తిరుగుతున్నాయి. ముసలివాటికి, జబ్బువాటికి సర్కారు డాక్టర్ వచ్చి సూది వేశాడు. నేను తలలు పట్టుకున్నాను. నా డిగ్రీ పనికొచ్చింది తలలు కదలకుండా పట్టుకోవడానికి.

అయినా నాకు ఒక ఆశ ఉండేది. నాన్న లీజు గడువు ఆ ఏడాదితో తీరుతుంది. మళ్ళీ ఇస్తే దుకాణం ఎత్తేసి, మిగిలిన కుక్కలతో సహా బులిలేకా వెళ్ళిపోదామనుకున్నాను. ఎడ్ల కొట్టం ఉంది, నీళ్ళున్నాయి. ఎడ్లు, మేకలు, ఆవులు ఉన్నవాళ్ళు నా దగ్గరికి వస్తారు. అసలు నేను చదివింది అందుకే కదా. కూర్చున్నా నిలుచున్నా అదే ధ్యాస. ఫోన్ చేసినప్పుడల్లా నాన్నను అదే అడిగేదాన్ని.

"తురంగా మంచోడే," అనేవాడు నాన్న. తురంగా అంటే ఆ భూమి గల ఫిజియన్ పెద్దమనిషి. "కూచుని యంగోనా తాగినాం. చూస్తా అన్నాడు. అవుతాది బేటీ, ఫికర్ వద్దు."

కోతల కాలం ఇంకా మొదలు కాలేదు. ఒక పొద్దున దుకాణం ముందు టాక్సీ ఆగింది. అందులోంచి నాన్న దిగాడు, చేతిలో తాడు, తాడు చివర మా పేరులేని కుక్క. లంబాసా నుంచి బస్సూ, పడవా, మళ్ళీ బస్సూ ఎక్కించి తెచ్చాడు. కుక్క నాలుక వేలాడేసుకుని ఆయన కాళ్ళ మధ్య నక్కింది. అమ్మ టాక్సీలోంచి దిగలేదు. అద్దంలోంచి చెయ్యి ఊపి మొహం అటు తిప్పుకుంది.

"నాడీ గుడిలో పూజ ఉంది," అన్నాడు నాన్న. "మీ భైయా పేరు మీద. ఇది రెండు వీక్ నీ తాన ఉంటాది."

అన్నయ్య న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లో ఉంటాడు. అమ్మానాన్నల్ని అక్కడికి రప్పించుకోవడానికి కాగితాలు పెట్టాడని ఏనాడో విన్నాను, తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. నా పేరు ఆ కాగితాల్లో ఉండదని నాకు తెలుసు. పెరిగి పెద్దయిన ఆడపిల్లకు అందులో చోటు లేదు.

"పక్కింట్లో వదలకపోయావా నాన్నా?"

"పక్కింట్లో ఎవరున్నారమ్మా? అందరూ పోయినారు."

"అమ్మను దిగమను, చాయ్ పెడతాను."

"టైమ్ లేదు. పూజారి చూస్తుంటాడు."

మాట మార్చాలని నాన్నే తొందరపడ్డాడు. "నువ్వు బట్ట అడుగుతావంట కదా, తెచ్చినా," అని చంకలోని ప్లాస్టిక్ సంచి తీశాడు. అందులో ఆయన కోత చొక్కా. ఖాకీది, పొడుగు చేతులది. కాల్చిన చెరకు మసి పట్టి అట్ట కట్టిన చొక్కా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కోతల కాలంలో నాన్న అదే తొడిగేవాడు, అమ్మ దాన్ని వేరే బకెట్లో ఉతికేది. మోచేతుల దగ్గర అమ్మ వేసిన మాసికలు ఒకదాని మీద ఒకటి. బటన్లు ఊడిన చోట పిన్నీసులు.

సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాన్న కుక్క తాడు విప్పుతున్నట్టు కిందికి వంగాడు, విప్పడానికి అక్కడ ముడి లేదు.

"కోతకేం వేసుకుంటావు నాన్నా?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "వేరేది ఉంది," అన్నాడు.

లేదు. నాన్నకు వేరేది ఎప్పుడూ లేదు. ఒళ్ళు మండింది. నా దగ్గర కూడానా, నీ సొంత బిడ్డ దగ్గర కూడా దిష్టి తగులుతుందా అని అరవాలనిపించింది. అరిచి ఉంటే అమ్మ టాక్సీలోంచి దిగేది, ఇద్దరూ ఏడ్చేవాళ్ళు, విమానం పోయేది, నిజంగానే నా నజర్ తగిలిందని జన్మంతా అనుకునేవాళ్ళు. ఆ భూమి లేదు, ఆ కొట్టం లేదు, ఎడ్లు ఏమయ్యాయో అడగడానికి ధైర్యం లేదు. కుక్కను తీసుకున్నాను.

"రెండు వీకే," అన్నాడు నాన్న మళ్ళీ.

"సరే నాన్నా."

నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంది. టాక్సీ డిక్కీ మూత పడక తాడుతో కట్టారు. లోపల సూట్‌కేసులు. గుడిలో పూజకు అన్ని సూట్‌కేసులు ఎవరు తీసుకెళ్తారు?

లౌటోకా నుంచి నాడీ ఎయిర్‌పోర్టు ఎంత దూరమని! మినీబస్సెక్కితే టీ తాగినంతలో దిగుతాం. మావాళ్ళలో ఒక్కరు విమానం ఎక్కుతున్నారని తెలిస్తే, పెళ్ళికనే చెప్పినా సరే, వీధి మొత్తం పూలదండలు పట్టుకుని వెళ్తుంది, అక్కడ కూర్చుని ఏడుస్తుంది, రోటీ కూరా పంచుకుని తింటుంది. నేను వెళ్ళలేదు. వాళ్ళు పోతున్నట్టు నాకు ఎవరూ చెప్పలేదు కదా. ఆ సాయంత్రం గూళ్ళు కడుగుతుంటే పైన విమానాలు పోతూనే ఉన్నాయి. ఏది వాళ్ళదో తెలియక ప్రతిదానికీ తలెత్తాను, మెడ పీకేసింది.

కుక్క నాలుగు గోడల మధ్య ఎప్పుడూ ఉండలేదు. నేను పెట్టిన డబ్బా మేత ముట్టలేదు. సత్తుపళ్ళెంలో అన్నం, పప్పు కలిపి పెట్టాను, వాసన చూసి పక్కకు తిరిగింది. పొద్దస్తమానం ఆ చొక్కా మీద పడుకుని గేటు వైపు మూతి పెట్టేది. దానికి జబ్బేమీ లేదు. ఊపిరితిత్తులు బాగున్నాయి, కడుపు బాగుంది. ఎందుకు పోతోందో చెప్పగలిగే చదువు నా దగ్గరుంది, చెప్పి ఏం లాభం? ఒక పొద్దున లేవలేదు. జామచెట్టు కింద పూడ్చాను. చొక్కా దానితో పాటు పెట్టాలనుకున్నాను, మనసొప్పలేదు.

తర్వాత చాలా రోజులకు ఆక్లాండ్ నుంచి ఫోన్ వచ్చింది. నాన్న గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. చలి బాగా ఉందన్నాడు, అమ్మకు మోకాళ్ళ నొప్పులన్నాడు. ఎప్పుడు వెళ్ళారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

"కుక్క తింటోందా?" అన్నాడు చివరికి.

"తింటోంది నాన్నా."

"చొక్కా ఉతకొద్దు. వాసన పోతాది."

"ఉతకలేదు."

"మేం వచ్చేదాకా చూసుకో బేటీ."

"సరే నాన్నా," అన్నాను.