ఇరవై రెండు ప్రశ్నల పట్టాభి

పట్టాభి దగ్గర వెబ్‌సైట్ చేయించుకోవడమంటే పోలీసు విచారణకు వెళ్లొచ్చినట్టేనని దిల్‌సుఖ్‌నగర్ అంతా ప్రచారం చేసింది నేనే. ఆయన ఆఫీసు మేడ మీద, నా జిరాక్స్ షాపు దాని కింద. ఎవరైనా వ్యాపారి మెట్లెక్కితే, కూర్చోగానే ఇరవై రెండు ప్రశ్నల కాగితం చేతికొచ్చేది. మీ దగ్గరికి ఎవరొస్తారు? రాగానే ఏమడుగుతారు? ఏం నచ్చక తిరిగిపోతారు? అన్నింటికీ జవాబులొచ్చాకే కాగితం మీద పేజీల బొమ్మ, దాని మీద సంతకం, ఆ తర్వాతే కంప్యూటర్. "పక్క షాపోనిది ఉన్నట్టే చేసెయ్" అన్నవాళ్లంతా వచ్చిన దారినే దిగిపోయారు. అలా అనని వ్యాపారి మా పేటలో ఎక్కడున్నాడు?

పన్నెండేళ్లకి మెట్లెక్కేవాళ్లే లేకుండా పోయారు. ఎల్బీ నగర్‌లో తన తమ్ముడి మందుల షాపులో కూర్చోమని భార్య అమల పోరుతూనే ఉంది. "ఈ ఒక్క పనీ చూడు అమలా. ఇది నిలబడకపోతే నేనే తాళం వేసి వస్తాను" అన్నాడు పట్టాభి. ఆ మాట నా ముందే అన్నాడు. నాకు భయమేసింది, ఎందుకంటే ఆయన అన్నాడంటే చేస్తాడు.

ఆ ఒక్క పనీ చంపాపేట్ కమలాకర్‌ది. వాళ్లది పాత ఊరి రైతు కుటుంబం. పొలం ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాల్ ఉంది. "మా పెండ్లిసూపులల్ల గుడ గిన్ని అడగలే గదన్నా" అని నవ్వుతూనే, రెండు రోజులు కూర్చుని అన్నింటికీ జవాబు చెప్పాడు కమలాకర్. అతని తల్లి ఆండాలు చాయ్ తెచ్చి, కాసేపు నిలబడి వింది. "తారీఖులంటే బిడ్డా, నేను..." అని ఏదో చెప్పబోయింది.

"ఇది వెబ్‌సైట్ పనండి అమ్మగారూ, మీకెందుకు శ్రమ" అన్నాడు పట్టాభి, మహా మర్యాదగా. ఆవిడ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సైట్ బాగా కుదిరింది. హాల్ రిజిస్టర్‌లోని తారీఖులన్నీ ఎక్కించి మూడుసార్లు సరిచూసుకున్నాడు. మొదటి వారంలోనే మీర్‌పేట్ నుంచి వెంకాయమ్మ అనే ఆవిడ మాఘమాసంలో మంచి ముహూర్తం చూసి, కూతురి పెళ్లికి అందులోనే హాల్ బుక్ చేసుకుంది. శుభలేఖలు కొట్టించి పంచేసింది కూడా. "చూశావా, పద్ధతంటే ఇదీ!" అని పట్టాభి మేడ మీంచి కేకేశాడు.

నెల తిరక్కుండానే కమలాకర్ ఫోన్. "ఎంత పని జేసినవన్నా! గా తారీఖు మా జానయ్యది! ఆయన బిడ్డ పెండ్లికి అమ్మ ఎప్పుడో మాటిచ్చింది!"

ఆ ఇంట్లో రిజిస్టర్ బయటివాళ్లకే. సొంత ఊరివాళ్లొస్తే ఆండాలు తమలపాకు, వక్క చేతిలో పెట్టి తారీఖు చెబుతుంది. రాయరు. రాస్తే నమ్మనట్టు. అది చెప్పాల్సిన విషయమని కమలాకర్‌కి తోచనే లేదు.

షాపు మూసేసి నేనూ పట్టాభి స్కూటర్ వెనక ఎక్కాను. రెండు పెళ్లిళ్లలో ఒకదానికైనా ఇంకో చోటు దొరుకుతుందేమోనని మూడు రోజులు చంపాపేట్ నుంచి ఎల్బీ నగర్ దాకా కనబడిన ప్రతి హాలూ అడిగాం. అంత మంచి ముహూర్తానికి ఖాళీ ఎవరికుంటుంది? "ఏ లోకంల ఉన్నరు సార్?" అని ఒక మేనేజర్ నవ్వాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పట్టాభి భుజాలు కదులుతుంటే చలికేమో అనుకున్నాను. ఏడుస్తున్నాడు. నా చెయ్యి ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

నాలుగో రోజు కమలాకర్ ఇంటికెళ్లాం. ఎవరికీ చెప్పకుండా జానయ్య ఇంటికి వెళ్లిన ఆండాలు అప్పుడే తిరిగొచ్చింది. కొంగుముడి విప్పి, ఎండిన ఆకూ వక్కా బల్ల మీద పెట్టింది.

"ఆయన ఇంక కార్డులు కొట్టియ్యలే. ఇంటి ముంగట్నే టెంటు ఏసుకుంటడట. నన్ను ఒక్క మాటనలే. దేవునికాడ పెట్టుకున్నయి తీసి నా చేతిల పెట్టిండు, గంతే. ఇరవై ఏండ్ల సంది నేనిచ్చిన ఆకు మల్ల నాకు వాపస్ రాలే." ఆవిడ పట్టాభి వైపు చూసింది. "గా దినం నన్నొక్క మాట అడిగితే చెప్తుంటి గద బిడ్డా."

కమలాకర్ తిట్టలేదు. "సైట్ తీసెయ్యన్నా" అన్నాడు. పట్టాభి అక్కడే కూర్చుని తన చేత్తోనే తీసేశాడు.

మర్నాడు పొద్దున్నే ప్రశ్నల కాగితం పట్టుకుని నా షాపుకొచ్చాడు. అడుగున పెన్నుతో ఇరవై మూడోది రాసుంది: "మీ ఇంట్లో నేనింకా ఎవరిని అడగలేదు?"

"ఎప్పట్లా యాభయ్యా?" అన్నాను.

"ఒకటి చాలు."

వేడి ఆరకముందే దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేడ తాళంచెవి నా కౌంటర్ మీద పెట్టి, ఎల్బీ నగర్ మెట్రో ఎక్కడానికి వెళ్లిపోయాడు.