ఇసుక మేట మీద ఆగిపోయిన బండి

ఆమెను అందరూ మీటరమ్మ అనేవారు. కరెంటు చూసే చిన్న పసుపు మీటరు చేతిసంచిలో లేకుండా ఆమె గడప దాటగా చూసినవాళ్లు లేరు. తండ్రి బ్యాటరీ షాపులో నేర్చుకున్న పనిని పెళ్లయ్యాక అత్తవారింటి వెనక రేకుల షెడ్డులో మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు నడిపింది. భర్త లారీ మీద నెలలో ఇరవై రోజులు బయటే ఉండేవాడు.

మనిషి పరమ పిరికిది. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసుకునేది. నీళ్లంటే మరీ భయం. సముద్రం పక్కనే ఇల్లున్నా చీలమండ దాటి దిగి ఎరగదు. పనిలో మాత్రం ఆ భయమే ఆమెకు పేరు తెచ్చింది. పైకి బాగుంది కదా అని ఏ వైరునూ వదిలేది కాదు.

అలాంటి మనిషిని మరిది బండి మూడు నెలలు ఏడిపించింది. అది నాలుగు లావు టైర్ల పాత ఏటీవీ. ఆటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గగానే అతను దానిమీద ఇసుక మేటల దాకా వెళ్లి గుల్లలు ఏరి, బస్తాలకెత్తి తెచ్చేవాడు. మోకాలి చిప్ప పగిలినప్పటినుంచి అతను బండి లేకుండా దూరం పోలేడు. ఆ బండి ఉన్నట్టుండి చచ్చిపోయేది. కాసేపటికి దానంతటదే లేచేది. షెడ్డుకు తెస్తే బుద్ధిమంతుడిలా ఒక్క నొక్కుకే స్టార్టయ్యేది. బ్యాటరీ బాగుంది, ఫ్యూజులు బాగున్నాయి. తాళం స్విచ్ కూడా మార్చి చూసింది.

"నిన్ను చూస్తేనే దీని రోగం పారిపోతోంది వదినా. నువ్వే వెనక కూర్చుని రా. ఎక్కడ ఆగితే అక్కడే చూద్దువుగాని" అన్నాడు మరిది.

"ఆ నీళ్లలోకా? నా వల్ల కాదు బాబూ."

"నీళ్లెక్కడివి? రెండింటి దాకా అంతా పొడి ఇసుకే."

కదిలితేనే బయటపడే లోపం నిలబెట్టి చూస్తే దొరకదని ఆమెకూ తెలుసు. మీటరుతో పాటు చాకు, పానా కూడా ఉన్న సంచి భుజానికి తగిలించుకుని ఎక్కింది.

ఒడ్డుకు మూడు కిలోమీటర్ల దూరంలో గుల్లలు ఏరడానికి ఆగారు. దారిలో ఒక పాయ దాటారు. పోటు మొదలైతే ముందు నిండేది ఆ పాయే. ఒంటిగంటకే వెళ్దామని ఆమె, ఇంకొక్క బస్తా అని అతను. చివరికి పావు తక్కువ రెండుకు బయల్దేరారు. వంద గజాలు పోయారో లేదో చిన్న గుంటలో బండి ఎగిరిపడి, గుటుక్కున ఆగిపోయింది. సెల్ఫ్ నొక్కితే చిన్న చప్పుడు కూడా లేదు.

దూరంగా తెల్లటి గీత కనబడింది. అది నురుగని ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

మరిది పడవవాడికి ఫోన్ చేశాడు. నడుములోతు నీళ్లు వస్తే తప్ప పడవ అక్కడికి రాదన్నాడతను. గంట పైనే పడుతుందట.

"వదినా, నువ్వు నడిచి వెళ్లిపో. ఇప్పుడే వెళ్తే పాయ దాటేస్తావు."

"మరి నువ్వు?"

అతను మోకాలి చిప్ప తడిమి చూపించాడు. ఆమె నిజంగానే పది అడుగులు వేసింది. తర్వాత వెనక్కి వచ్చి సీటు పైకెత్తింది. మీటరు తీగ ఎన్నిసార్లు పెట్టినా బ్యాటరీ మీద నిలవలేదు.

"నా చెయ్యి పట్టుకో, గట్టిగా. ఇప్పుడు సెల్ఫ్ నొక్కు."

బ్యాటరీ పన్నెండు వోల్టులకు తగ్గలేదు. అంటే లోపల కరెంటుంది, బయటికి పోవడం లేదు. ఫ్యూజు దాటాక కూడా అంతే ఉంది. ఆమె ఒక తీగను బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకొకటి ఇంజను ఇనుము మీద పెట్టి మళ్లీ నొక్కమంది. ఒక మందపాటి ఎర్త్ వైరుతో కలిసి ఉన్న ఆ రెండింటి మధ్య ఏమీ చూపకూడదు. మీటరు పదకొండు చూపింది.

ఆ వైరును షెడ్డులో మూడుసార్లు పరీక్షించింది ఆమె. మూడుసార్లూ మీటరు, వైరు తెగలేదన్న గుర్తుగా, కూసింది. చాకుతో తొడుగు చీల్చింది. లోపల రాగి చాలావరకు లేదు, పచ్చటి చిలుము పొడి రాలింది. మిగిలిన కాసిని పోగులే షెడ్డులో మీటరును కూయించాయి, బండినీ స్టార్ట్ చేశాయి. ఆ కుదుపుకు అవీ తెగాయి.

"నాదే తప్పురా. కుదుపుతూ చూడాల్సింది."

"తప్పులు ఇంటికెళ్లి లెక్కేసుకుందాం వదినా, నీళ్లొచ్చేశాయి!"

టైర్ల కిందికి చల్లటి పొర పాకింది. ఆమె ఒక్క క్షణం కదల్లేకపోయింది. ఆ తర్వాత బండి ముందున్న వించ్ మీద చూపు పడింది. బురదలో కూరుకుపోతే తాడుతో లాగే ఆ మోటారుకు లావుపాటి రాగి వైర్లుంటాయి. ఒకటి ఊడదీసింది. బ్యాటరీ నుంచి ఇంజను బోల్టుకు బిగిస్తుంటే పానా రెండుసార్లు నీళ్లలో పడింది. రెండోసారి తడుముకుంటూ మోచేతిదాకా ముంచి తీసింది. మరిది బస్తాలన్నీ కిందికి తోసేశాడు.

"నొక్కు."

ఇంజను ఒక్కసారిగా అందుకుంది.

పాయ దగ్గరికొచ్చేసరికి నీళ్లు సీటు అంచును తాకుతున్నాయి. బండి పక్కకు జరుగుతోంది. కొత్తగా కట్టిన వైరుకు నీళ్లు తగిలినా ఏమీ కాదని ఆమెకు తెలుసు. తెలిసినా ఆ వైరునే తలుచుకుంటూ, కళ్లు మూసుకుని మరిది చొక్కా పిడికిళ్లతో పట్టుకుంది. ఇంజను రెండుసార్లు దగ్గింది, ఆగలేదు. బండి ఎదుటి గట్టు ఎక్కింది.

ఒడ్డున దిగగానే ఆమె మీటరును కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. అక్కడే ఇసుకలో కూర్చుంది. మరిది పక్కనే కూర్చుని వీపు నిమిరాడు.

"ఎందుకు వెళ్లలేదు వదినా?"

"వెళ్లాను కదరా పది అడుగులు. ఒంటరిగా ఆ పాయ దాటాలంటే ఇంకా భయమేసింది."

అతను నవ్వబోయి ఏడ్చాడు.

ఆ తర్వాత ఆమె ఏ బండినీ నిలబెట్టి చూసి పంపలేదు. వైర్లు గుంజుతూ, బండిని ఊపుతూ, సెల్ఫ్ నొక్కించి చూసేది. ఇసుక మీద మళ్లీ కాలుపెట్టలేదు. మరిది వెళ్లిన ప్రతి ఆటుకూ షెడ్డు తలుపు తెరిచి ఉంచేది. ఇంజను చప్పుడు వినబడేదాకా ఆమె చేతిలో పని సాగేది కాదు.