మగ్గం దగ్గర నా చోటు నిలిపిన దేవుడు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నా పేరు దేవదానం, మాది కొల్లేటి లంక గ్రామం. ఏలూరులో, ఓడల మీద ఇంగ్లండు సీమకు వెళ్లే తివాచీలు నేసేవాణ్ని. ఒక వానాకాలం నా తలలో ఎవరో మాట్లాడడం మొదలుపెట్టారు! ముడి వేసినప్పుడల్లా ఊలు పోగు తెంచడానికి మా చేతిలో చిన్న కత్తి ఉంటుంది. ఆ గొంతు ఆ కత్తిని చూపించి, పక్కవాణ్ని పొడువు, పొడువు అనేది. నేను కత్తి విసిరేసి ఇంటికి పారిపోయాను. మావాళ్లు భయపడి నన్ను గుంజకు కట్టేశారు. వాళ్లను తప్పుపట్టను, నాకే నేనంటే భయం.

నా భార్య శాంతమ్మ నా పక్కనే నేలమీద కూర్చుని, "ప్రభువా, ఈయన్ని నాకు తిరిగి ఇవ్వయ్యా" అని ఉపవాసముండి ఏడ్చేది, సంఘమంతా మాతో కలిసి ప్రార్థించింది, కోతలనాటికి ఆ గొంతు సన్నగిల్లింది, కట్లు విప్పారు, దేవునికి స్తోత్రం! కాని అసలు దిగులు అప్పుడే మొదలైంది. పిచ్చివాడని పేరుపడ్డవాడికి పని ఎవరిస్తారు? కూలికి పిలిచేవారు లేరు, పడవలో నా పక్కన కూర్చునేవారే లేరు.

శాంతమ్మ నన్ను ఏలూరు తీసుకువెళ్లింది. మగ్గాల యజమాని గుమ్మంలోనే ఆపేశారు. "ఇతని చేతికి కత్తి ఎలా ఇవ్వనమ్మా?" అన్నారు. మా మేస్త్రీ మస్తాన్ గారు ముందుకొచ్చి, "కత్తి వద్దులెండి, ఊలు చుట్టనివ్వండి, నేను చూసుకుంటానండీ" అన్నారు. అలా నెలల తరబడి ఊలు ఉండలు చుట్టాను. ఎవరు నవ్వినా నన్ను చూసేనేమో అనుకునేవాణ్ని.

తర్వాత ఒకరోజు మేస్త్రీ గారు నన్ను మగ్గం ముందు కూర్చోబెట్టి కత్తి చేతికిచ్చారు. మధ్యాహ్నానికి ఆ గొంతు మళ్లీ వచ్చింది సహోదరులారా! చెబితే పని పోతుంది, చెప్పకపోతే ఏం జరుగుతుందో! "యేసయ్యా, నా చెయ్యి పట్టుకో, నా నోరు తెరువు" అని లోలోపలే మొరపెట్టాను.

"మేస్త్రీ గారండీ, అది మళ్లీ వినపడుతోందండీ" అనేశాను.

మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆయన మెల్లగా కత్తి అందుకుని, "చెప్పి మంచిపని చేశావయ్యా. బయట గాలికి కూర్చో. తగ్గాక రా. నీ చోట ఇంకెవర్నీ కూర్చోబెట్టను" అన్నారు.

సాయంత్రం భయం భయంగా లోపలికి వెళ్లాను. నా చోటు ఖాళీగానే ఉంది! దేవునికే మహిమ!

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ గొంతు వస్తుంది; చెప్పి బయటికి వెళ్తాను, ప్రార్థించుకుని వచ్చి నేస్తాను. అదెందుకు పూర్తిగా పోలేదో నాకు తెలియదు, నన్ను విడవని దేవుడు మాత్రం తెలుసు. అమ్మలారా, అయ్యలారా, మీ ఇంట్లో నాలాంటివారుంటే దాచకండి. ఆయనను నమ్మి, వారి చెయ్యి పట్టుకుని ప్రార్థనకు తీసుకురండి, పనికీ తీసుకువెళ్లండి. పని ఇవ్వగలవారు ఇక్కడుంటే, దయచేసి ఒక్క చోటు ఉంచండి.