రెండు దిళ్ళు అక్కర్లేని కుర్చీ

మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవదు. తీరిక దొరికితే చాలు, మినుము చేను చూసొద్దామనో, కృష్ణ కరకట్ట మీద కాసేపు తిరిగొద్దామనో నాన్న అందరినీ బయల్దేరదీస్తాడు. తొమ్మిదేళ్ళ మా చెల్లి లాస్య పుట్టినప్పటి నుంచీ నడవలేదు. అయినా అందరికంటే ముందు తయారై గుమ్మంలో ఉండేది తనే. రెండేళ్ళ కిందట తనకు చక్రాల కుర్చీ కొన్నప్పుడు, మా వైపు పిల్లలకు బట్టలూ చెప్పులూ కొన్నట్టే, ఒక సైజు పెద్దది తీసుకున్నాం. పెరిగే పిల్ల కదా! మిగిలిన ఖాళీలో అటొకటి ఇటొకటి దిండు కుక్కి కూర్చోబెట్టేవాళ్ళం. వెనక నుంచి తోసేది నేను.

లాస్య ప్రతి శనివారం సాయంత్రం కూచిపూడిలో తాళాలు నేర్చుకుంటోంది. నాట్యం చేసేవాళ్ళ పక్కన కూర్చుని వాయించే తాళాలు. కిందటి వారం క్లాసు మధ్యలో పిల్లలందరూ పెరటి చివర కుళాయి దగ్గరికి పరుగెత్తారు. నేను అరుగు మీద పుస్తకంలో మునిగిపోయి ఉన్నాను. తలెత్తేసరికి లాస్య ఒక్కతే ఉంది. దిళ్ళ మీదుగా చేతులు చాపి చక్రాలను అందుకోవాలని చూస్తోంది. వేళ్ళ చివర్లు మాత్రమే తగులుతున్నాయి. నన్ను చూసి, “అక్కా, నా చేతులు పొట్టివా?” అంది. ఆ రాత్రే ఇంట్లో చెప్పాను, కుర్చీ మార్చాలని.

మళ్ళీ శనివారం పొద్దున ఎనిమిదింటికి పామర్రులో విజయవాడ బస్సు ఎక్కాం. లాస్యను నాన్న ఎత్తుకున్నాడు. కుర్చీ మడిచి డ్రైవరు వెనకాల నిలబెట్టాం. అమ్మా, నేనూ, లాస్యా ఆధార్ కార్డులు చూపించాం, ఆడవాళ్ళం కదా, మాకు టికెట్టు ఉచితం. కండక్టరు నాన్న వైపు తిరిగి, “మొత్తం కుటుంబానికి మీరొక్కరే గిరాకీ సార్,” అన్నాడు. “కుర్చీకి కూడా కొట్టండి, మొగదే అది,” అంది లాస్య. బస్సు ముందు సగం నవ్వింది. ఉయ్యూరు, కంకిపాడు దాటి తొమ్మిదింబావుకు బెంజి సర్కిల్‌లో దిగాం. అక్కడి నుంచి గవర్నర్‌పేటకు ఆటో నూట ఇరవై అడిగాడు, నాన్న వందకు ఒప్పించాడు. ఆటో అతనే కుర్చీని తాడుతో వెనక కట్టి, దారి పొడుగునా “బాగా పట్టుకున్నావా పాపా?” అని అడుగుతూనే ఉన్నాడు.

మేం వెళ్ళిన సర్జికల్ దుకాణం ముందు రెండు మెట్లున్నాయి, పక్కన చెక్కతో చేసిన ఏటవాలు దారి కూడా ఉంది. లోపల కుర్చీలు బిగించే ఖాజా గారు అనే పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టారు. నాన్న ఆగలేదు. వరసగా ఉన్నవాటిలో వెడల్పుది ఒకటి ముందుకు లాగి, “ఇది బాగుందండీ. ఇంకో నాలుగేళ్ళు రావాలి కదా,” అన్నాడు. మా అమ్మ బట్టలు కుడుతుంది. ఆమె సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. అది తీసి ఆ కుర్చీ వెడల్పు కొలవడం మొదలెట్టింది.

ఖాజా గారు నవ్వారు. “అమ్మా, మీరు కుర్చీని కొలుస్తున్నారు. పాపని కొలవండి.”

రోజూ ఊళ్ళోవాళ్ళందరి కొలతలూ తీసే అమ్మ ముఖం ఎర్రబడింది. “పెరిగే పిల్లండీ...” అంది నెమ్మదిగా.

“పెరుగుద్దమ్మా, ఎందుకు పెరగదు! మరి ఇవాళ ఎట్టా తోసుకుంటది? వదులు జాకెట్టు ఏమవుద్ది?”

“భుజం జారిపోద్ది.”

“ఇదీ అంతే.”

అమ్మ లాస్య తుంటి కొలిచింది. మోకాలి వెనక నుంచి నడుము దాకా, మోకాలి నుంచి మడమ దాకా కొలిచింది. ఖాజా గారు ఆ అంకెలు అట్టముక్క మీద రాసుకుని లోపలి నుంచి నీలం రంగు చిన్న కుర్చీ తెచ్చారు. పాతదాంట్లో సగం బరువు లేదు. లాస్యను కూర్చోబెడితే రెండు పక్కలా వేలు దూరేంత సందే మిగిలింది. “చేతులు కిందికి వదిలెయ్యి బంగారం,” అన్నారాయన. వదిలింది. మధ్యవేళ్ళు సరిగ్గా చక్రాల నడిమి ఇరుసు దగ్గర ఆగాయి, అదే సరైన కొలతట. ఇరుసు అనే మాట పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. దాన్ని చేత్తో తాకి చూసింది మాత్రం అప్పుడే.

“మరి రెండేళ్ళకి చాలకపోతే?” నాన్న ఇంకా దిగిరాలేదు. ఖాజా గారు సీటు కింద అడ్డంగా ఉన్న కడ్డీ చూపించారు. దాన్ని మారిస్తే సీటు వెడల్పవుతుందట, కాళ్ళు పెట్టుకునే పలక కూడా కిందికి జరుగుతుందట. అమ్మ వంగి చూసి, “ఓహో, పరికిణీకి లోపల మడత పెట్టి కుట్టినట్టు!” అంది. బేరం అక్కడే కుదిరిపోయింది. మామూలు మడత కుర్చీ ఏడెనిమిది వేలకు వస్తుంది. ఇది పాతిక వేలు దాటింది. అయినా నాన్న కార్డు తీసి ఇచ్చాడు.

దుకాణం ముందు వరండాలో లాస్య మొదటిసారి తనంతట తాను కదిలింది. నా చేతులు అలవాటుగా వెనక పిడి మీదికి వెళ్ళాయి. “మీరు చేతులు కట్టుకోండమ్మాయ్,” అన్నారు ఖాజా గారు. మరుక్షణం చక్రం నాన్న కాలి మీదికి ఎక్కింది. “ముందు బ్రేకులు నేర్పండయ్యా బాబూ!” అని నాన్న గెంతాడు. పాత కుర్చీ ఎవరైనా పెద్దవాళ్ళకు పనికొస్తుందని దుకాణంలోనే వదిలేశాం. దిళ్ళు రెండూ అమ్మ సంచిలో చేరాయి.

దగ్గర్లోని మెస్సులో భోజనం చేశాం. వడ్డించే అబ్బాయి బల్ల దగ్గర ఒక కుర్చీ లాగేసి, “నీది నువ్వే తెచ్చుకున్నావుగా, వచ్చెయ్,” అన్నాడు లాస్యతో. ఒంటిగంటన్నరకు అవనిగడ్డ బస్సు పట్టుకుంటే మూడుంబావుకు కూచిపూడిలో దిగాం. క్లాసు నాలుగింటికి.

విరామంలో పిల్లలు మళ్ళీ కుళాయి దగ్గరికి పరుగు తీశారు. లాస్య కూడా బయల్దేరింది. నేను అరుగు దిగి రెండడుగులు వెనకే వెళ్ళాను. పెరటి మధ్యలో సిమెంటు పగులులో ముందు చక్రం ఇరుక్కుంది. నేను ముందుకు కదిలాను. లాస్య వెనక్కి చూడకుండానే, వద్దన్నట్టు చెయ్యెత్తింది. చక్రాలు కొంచెం వెనక్కి లాగింది, ముందుకు తోసింది. రాలేదు. మళ్ళీ లాగింది. కుర్చీ పగులు దాటింది. కుళాయి దగ్గర పిల్లలు జరిగి చోటిచ్చారు. నీళ్ళు తాగి, తడి చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ నా దగ్గరికి వచ్చి ఆగింది.

“అక్కా, నా చేతులు సరిపోయాయి.”

పామర్రులో బస్సు దిగి ఇంటికి నడిచే దారిలో నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. రెండేళ్ళు ఆ పిడిని పట్టుకుని నడిచాను. తనను నేనే ముందుకు తీసుకెళ్తున్నానని అనుకున్నాను. రేపటి లాస్య కోసం చోటు వదిలామనుకున్నాం గానీ, ఆ చోటే ఇవాళ్టి లాస్యకు అడ్డమైంది. ఇప్పుడు తనే తోసుకుంటూ వెళ్తుంటే నేను పక్కన నడుస్తున్నాను. మాట్లాడుకుంటుంటే తన ముఖం కనిపిస్తోంది, ఇన్నాళ్ళూ తల వెనక జడలే కనిపించేవి.

మీరూ పిల్లలకు కుర్చీ కొనడానికి బయల్దేరుతుంటే ఒక్క మాట: డబ్బు కట్టే ముందు బిడ్డను అందులో కూర్చోబెట్టి, దుకాణం బయట రోడ్డు మీద పదడుగులు తననే తోసుకోనివ్వండి. అప్పుడు మీ చేతులు మాత్రం కట్టుకునే ఉండండి.